పద్దు రాసే చేతికి స్టాప్‌వాచ్ కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్యాషన్ షో నిర్వహణ మీద వచ్చిన వ్యాసం చదివాను. హాలు, వేదిక, దీపాలు, ప్రచారం, అతిథి మర్యాదలు, అన్నిటికీ తలా ఒక పేరా ఇచ్చిన రచయిత కొరియోగ్రఫీకి, అంటే ఎవరు ఎప్పుడు వచ్చి ఎలా నడవాలో కూర్చే పనికి మాత్రం, చివర రెండు వాక్యాలు విదిల్చారు. ‘బడ్జెట్ ఖరారయ్యాక కొరియోగ్రాఫర్‌ను పిలిపించి నడకలకు మెరుగులు దిద్దించుకోవచ్చు’ అన్నది అందులో ఒకటి. అక్కడే పత్రిక మడిచి పక్కన పెట్టాను. సాయంత్రం మళ్లీ తీసి చదివినా కోపం తగ్గలేదు కనుక ఈ ఉత్తరం.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్లు తెర వెనుక డ్రెస్సర్‌ను. ర్యాంపు మీంచి పరుగున వచ్చే మోడల్ ఒంటి మీది దుస్తులు విప్పి, తరువాతి జత తొడిగి, చెప్పుల పట్టీలు బిగించి మళ్లీ వరుసలోకి తోసే మనిషిని డ్రెస్సర్ అంటారు. ఆ తరువాత కొరియోగ్రాఫర్‌నయ్యాను. ఇప్పటికీ నా సంచిలో ఒక స్టాప్‌వాచ్, గళ్ల నోటు పుస్తకం, పిన్నీసుల డబ్బా, కొసన కొక్కెం ఉండే అల్లిక సూది, అదే క్రోషే సూది, ఒకటి ఉంటాయి. క్రోషే సూది సంగతి కాసేపట్లో చెబుతాను.

ఫ్యాషన్ షోలో డబ్బు ఎక్కడ ఎంత పోతుందో తేల్చేవి సెకన్లు. ఆ సెకన్లను పంచిపెట్టడమే మా పని. మమ్మల్ని అడగకుండా బడ్జెట్ ఖరారు చేయడమంటే కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించడమే. ఊరికే అనడం లేదు, లెక్క చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

ర్యాంపు పొడవు 18 మీటర్లు అనుకోండి. వెళ్లి రావడానికి 36. నిమిషానికి 120 తాళపు దెబ్బలు పడే పాట పెట్టి, దెబ్బకో అడుగు వేయిస్తే సెకనుకు రెండు అడుగులు. ఎత్తు మడమల చెప్పులతో అడుగు 60 సెంటీమీటర్లు పడుతుందనుకుందాం. అంటే సెకనుకు 1.2 మీటర్లు, 36 మీటర్లకు 30 సెకన్లు. వేదిక మీదికి వచ్చి నిలబడడానికి 3, ఆ చివర ఫొటోగ్రాఫర్ల ముందు ఆగడానికి 5 కలిపితే ఒక్కొక్కరికి 38 సెకన్లు. ప్రతి 20 సెకన్లకు ఒకరిని వదిలితే, ముందు వెళ్లిన అమ్మాయి ఆ చివర వెనుదిరిగిన క్షణానే ఈ చివర నిలబడ్డ అమ్మాయి మొదటి అడుగు వేస్తుంది. ఇద్దరూ ర్యాంపు మధ్యలో ఎదురవుతారు. ప్రేక్షకులకు అదేదో గాలివాటుగా జరిగినట్టు కనిపిస్తుంది, కనిపించాలి కూడా. 45 జతల దుస్తులకు ఇలా 15 నిమిషాలు. ప్రేక్షకుడు జేబులోని ఫోను తీయకుండా కూర్చునేది కూడా ఆ పావుగంటే.

ఇక మోడళ్లు ఎంతమంది? 15 మంది అయితే తలా మూడు జతలు. ఒకసారి ర్యాంపు ఎక్కిన అమ్మాయికి మళ్లీ వంతు రావడానికి 300 సెకన్లు. అందులో 38 ర్యాంపు మీదే పోతాయి. తన వంతుకు నిమిషం ముందే వరుసలో నిలబడాలన్నది నా నియమం, ఆ 60 కూడా తీసేయండి. మిగిలేవి 202 సెకన్లు. చేయి తిరిగిన డ్రెస్సర్ ఒకరు పక్కన ఉంటే చక్కగా సరిపోతాయి.

ఇప్పుడు పద్దు రాసేవారు వచ్చి, ‘15 మంది ఎందుకండీ, 9 మంది చాలు, తలా ఐదు జతలు వేసుకుంటారు’ అంటారు. కాగితం మీద ఆరుగురి పారితోషికం మిగిలింది, అందరికీ సంతోషం. తొమ్మిదిని ఇరవైతో హెచ్చించండి. 180. ర్యాంపు మీది 38, వరుసలోని 60 తీసేస్తే మిగిలేవి 82 సెకన్లు. ఆ 82 సెకన్లలో ఒక జత విప్పాలి, ఇంకో జత తొడగాలి, నగలు మార్చాలి, చెప్పులు మార్చాలి, రేగిన జుట్టు సర్దాలి. ఒక డ్రెస్సర్ వల్ల అయ్యే పని కాదు, మనిషికి ఇద్దరు కావాలి. పద్దెనిమిది మంది! పోనీ నెమ్మదిగా వదులుదామంటే, ఆ పాత 300 సెకన్లు దక్కడానికి మనిషికీ మనిషికీ మధ్య 33 సెకన్ల ఎడం ఉండాలి. 45 జతలకు 25 నిమిషాలు. ర్యాంపు మీద చాలాసేపు ఒంటరిగా ఒకరే. హాలు అద్దె పెరుగుతుంది, దీపాలవాళ్ల గంటలు పెరుగుతాయి, మూడో వరుస నుంచి ఆవులింతలు మొదలవుతాయి. మిగిలిందన్న డబ్బు ఏ దారిన పోయిందో పద్దులో కనిపించదు.

పాట కూడా ఈ లెక్కలోదే. డిజైనర్ పట్టుబట్టి 90 దెబ్బల నెమ్మది పాట పెట్టించారనుకోండి, సెకనుకు ఒకటిన్నర అడుగే పడుతుంది, అదే 36 మీటర్లకు 40 సెకన్లు పడతాయి. ఆ 82 కాస్తా 72 అవుతుంది. పాట మార్చినప్పుడల్లా నేను నోటు పుస్తకం తీస్తానని నవ్వుతారు. నవ్వనివ్వండి.

కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ తన వార్షికోత్సవానికి షో పెట్టింది. పేరు ఎందుకు లెండి. నన్ను పిలిచేసరికి షోకు పదకొండు రోజులుంది. ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి. వేదిక వెనుక భారీ ఎల్‌ఈడీ తెరకు బయానా ఇచ్చేశారు. మోడళ్లు తొమ్మిది మంది, దుస్తులు 45 జతలు, డ్రెస్సర్లు ఐదుగురు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముగింపులో ఎవరి చేత ఎవరికి పుష్పగుచ్ఛం ఇప్పించాలో కూడా రాసి పెట్టుకున్నారు. నేను నోటు పుస్తకం తెరిచి పైన రాసిన లెక్కే చెప్పాను. నిర్వాహకుడు కుర్రవాడు, మర్యాదస్తుడు. చివరిదాకా విన్నాడు.

‘మేడమ్, మీరు మరీ లెక్కలు వేస్తున్నారు. నడవడమే కదా! అమ్మాయిలు తొందరగా మార్చుకుంటారు లెండి’ అన్నాడు.

‘తెర అద్దెలో నాలుగో వంతు నాకివ్వండి బాబూ, తక్కువ పడ్డ పదమూడు మంది డ్రెస్సర్లను నేను తెచ్చుకుంటాను’ అన్నాను.

‘తెర మా చైర్మన్‌గారి కోరిక మేడమ్.’

అక్కడితో చర్చ అయిపోయింది. అలాంటి కోరికలకు పద్దులో ప్రత్యేకంగా గడి ఉండదు, కోత అంతకన్నా ఉండదు. ఆ తరువాత రిహార్సల్‌కు ఇస్తామన్న ఒక రోజు హాలు అద్దెను కూడా మిగుల్చుకున్నారు. మేము ఒక వసారాలో, నేల మీద టేపు అంటించి ర్యాంపు గీసుకుని, మామూలు చెప్పులతో సాధన చేశాం.

ఆ షోలో ఒక గౌను ఉంది. కుట్టింది చదువు అప్పుడే ముగించిన అమ్మాయి, చాలా నైపుణ్యం ఉన్న పిల్ల. మెడ దగ్గర నుంచి నడుము దాకా వీపు మీద నిలువునా 34 గుండీలు. గుడ్డ చుట్టిన గుండీలు, ఒక్కొక్కటి కందిగింజంత. ప్రతి గుండీకి ఎదురుగా దారంతో అల్లిన కాజా. అవి వేళ్లకు పట్టుబడవు. క్రోషే సూదిని కాజాలోంచి దూర్చి, గుండీ మెడకు కొక్కెం తగిలించి, ఇవతలికి లాగాలి. నా వేగానికి గుండీకి మూడు సెకన్లు. 34 గుండీలకు 102. ఉన్నవి 82, అవి కూడా గౌను తొడిగి చెప్పులు మార్చే సమయంతో కలిపి.

లోపల జిప్పు కుట్టి గుండీలను పైన అలంకారంగా వదిలేయమ్మా అన్నాను. ‘అప్పుడది అబద్ధపు గౌను అవుతుంది మేడమ్’ అంది. ఆ మాట నాకు నచ్చింది. అయితే ఇంకో దారి ఉంది. ఆ గౌనును ఆ మోడల్‌కు మొదటి జతగా వేస్తే చాలు. మొదటి జతకు గడియారం తరమదు, షోకు అరగంట ముందు కూర్చుని తీరిగ్గా పెట్టుకోవచ్చు. ఎవరి తరువాత ఎవరు ఏ జతతో రావాలో రాసుకునే వరుస కాగితంలో రెండు గడులు అటూ ఇటూ మారతాయి, అంతే. దమ్మిడీ ఖర్చు లేదు. కొరియోగ్రాఫర్‌ను ముందే పిలిస్తే ఒరిగేదేమిటని అడిగేవారికి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

కానీ గౌను నీలం. నీలం దుస్తులన్నీ మూడో విడతలో రావాలని, ఆ విడతకు తెర మీద సముద్రం కదలాలని అప్పటికే బొమ్మలు సిద్ధం చేయించారు. మార్చడానికి ఒప్పుకోలేదు.

షో రోజు ఆ గౌను వేసుకునే మోడల్ వెనుక మోకాళ్ల మీద కూర్చున్నాను. గౌను తొడిగేసరికే ముప్పై సెకన్లు పోయాయి. చెప్పులు ఇంకొకరు తొడుగుతున్నారు, ఆమె ఒంటి కాలి మీద ఊగుతోంది, ఆమె ఊగినప్పుడల్లా కాజా నా సూదికి దొరకకుండా జారిపోతోంది. పంతొమ్మిదో గుండీ దగ్గర ఉండగా హెడ్‌సెట్‌లో వరుస పిలిచే మనిషి గొంతు, ‘ఆమె ఏదీ, పంపండి, పంపండి’. మిగిలిన సందుకు రెండు పెద్ద పిన్నీసులు గుచ్చి వదిలేశాను. గుండీలు కనిపించాలని జుట్టు ఎత్తి ముడి వేయించాం, కప్పుకోవడానికి అదీ లేదు.

అద్భుతంగా నడిచింది. ఆ చివర ఆగింది, ఫొటోలయ్యాయి, వెనుదిరిగింది. అప్పుడు కెమెరా ఆమె వీపును పట్టుకుంది. తెర మీద సముద్రపు అలల పైన, నాలుగు మీటర్ల ఎత్తున, పంతొమ్మిది గుండీలు ముత్యాల్లా వరుసగా, వాటి కింద దీపాల వెలుగుకు తళతళలాడుతూ రెండు ఇనుప పిన్నీసులు. పైన పటారం లోన లొటారం అంటారు. ఆ రోజు లొటారాన్నే పైకెత్తి చూపించారు, అదీ డ్రెస్సర్లకు ఇవ్వని డబ్బుతో తెచ్చిన తెర మీద. ఆ డిజైనర్ పిల్ల నా పక్కనే, తెర సందులోంచి చూస్తూ నిలబడింది. ఏడవలేదు. తన చొక్కా అంచును రెండు వేళ్లతో గుండీ పెడుతున్నట్టు నలుపుతూనే ఉంది.

తెర చాలా స్పష్టంగా ఉందని చైర్మన్‌గారు మెచ్చుకున్నారని తరువాత తెలిసింది.

మీ వ్యాసకర్త వేదిక అలంకరణకు పెద్ద పీట వేశారు కనుక ఫ్రాన్సులోని వెర్సాయ్ కథ ఒకటి గుర్తు చేస్తాను. 1973 నవంబరు 28న అక్కడి రాజప్రాసాదంలో, ఆ ప్రాసాదపు మరమ్మతులకు నిధి పోగుచేయడానికి, ఐదుగురు ఫ్రెంచి డిజైనర్లు, ఐదుగురు అమెరికన్ డిజైనర్లు ఒకే రాత్రి తమ దుస్తులు చూపించారు. ఫ్రెంచివారి వైపు ఈవ్ సాన్ లోరాన్, జివాన్షీ, పియర్ కార్డాన్ వంటి ఉద్దండులు. వాద్యబృందం, పెద్ద పెద్ద సెట్లు, ప్రసిద్ధ నర్తకుడు నురేయెవ్ బ్యాలే, గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్ ప్రదర్శన. వాళ్ల భాగమే రెండు గంటలు దాటింది. హాల్‌స్టన్, ఆన్ క్లైన్, స్టీఫెన్ బరోస్ ఉన్న అమెరికన్ల వైపు చూస్తే, చేయించుకున్న వెనుక తెర కొలతల్లో పొరపాటు జరిగి వేదికకు సరిపోలేదు. చివరికి ఈఫిల్ టవర్ గీతచిత్రం ఒకటి వెనుక పెట్టుకుని, దాదాపు బోసి వేదిక మీద, టేపు మీది పాటలతో అరగంట పైచిలుకులో ముగించారు. రిహార్సల్ వేళల్లో సింహభాగం ఫ్రెంచివారికే పోవడంతో అమెరికన్లు రాత్రుళ్లు మేలుకుని సాధన చేశారని చెబుతారు. వాళ్ల మోడళ్లలో పది మంది దాకా నల్లజాతి అమ్మాయిలు. వాళ్ల నడక ప్రేక్షకులను కుర్చీల్లోంచి లేపింది. ఆ రాత్రి అమెరికన్లదేనని ఫ్యాషన్ చరిత్ర రాసినవారిలో చాలామంది ఒప్పుకుంటారు. బోసి వేదికే మేలని నేననను, దీపాలంటే నాకూ ఇష్టమే. కానీ ఆ రాత్రి తెర సరిపోకపోయినా షో నడిచింది. నడక సరిపోకపోతే ఆ తెర ఎంత పెద్దదైనా ఏం చేసేది?

మరి దేన్ని కోయాలి అంటారా? ఆహ్వానపత్రాలతో మొదలుపెట్టండి. 1989లో బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జియెలా ప్యారిస్‌లో ఒక పిల్లల ఆటస్థలంలో షో పెట్టినప్పుడు ఆహ్వానాలు అక్కడి బడిపిల్లలు చేత్తో గీశారు. ఆ పిల్లలే ముందు కూర్చుని చూశారు, మోడళ్ల వెంట నడిచారు. దళసరి అట్ట మీద బంగారు అక్షరాలు చూసి ఎవరూ షోకు రారు. పూల తోరణాలు కోయండి. నేల మీద పాకే పొగను అసలే వద్దనండి. అది డబ్బు తినడమే కాదు, నేల మీద సన్నటి తడి వదులుతుంది. ఆ తడి మీద నడవాల్సింది పది సెంటీమీటర్ల మడమలతో.

కోయకూడనిది షో జరిగే వేదిక మీద, షోలో వేసుకునే చెప్పులతో జరిగే రిహార్సల్. కొత్త చెప్పుల అడుగు అద్దంలా ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దాలా, తిరిగి ఇవ్వాల్సిన చెప్పులైతే గీతలు పడకుండా టేపు అంటించాలా, ఆ టేపు ఈ నేల మీద జారుతుందా అన్నవి అక్కడ నడిస్తేనే తెలుస్తాయి. ఇస్త్రీ మనిషిని కోయకండి. మోడళ్లకు ‘అవకాశం ఇస్తున్నాం కదా’ అని చెప్పి పారితోషికం ఎగ్గొట్టకండి. దీపాలవాడికి ఆ మాట చెప్పి చూడండి, స్తంభాలు విప్పుకుని వెళ్లిపోతాడు. మొత్తంలో నూటికి పది వంతులు ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి. విరిగిన మడమ, జ్వరం వచ్చిన మోడల్, గడువు దాటినందుకు హాలువాళ్లు వేసే అదనపు అద్దె, అన్నీ దాంట్లోంచే వెళతాయి. ఇన్నేళ్లలో ఆ పది వంతులు పూర్తిగా మిగిలిన షో నా పుస్తకంలో ఒక్కటే ఉంది. అది వాన వల్ల రద్దయింది.

ఇంకో విషయం. అదే పేజీలో ఒక విద్యార్థిని ప్రశ్న అచ్చువేశారు. డబ్బు తక్కువ, మోడళ్లు తొమ్మిది మందే, 45 జతలు చూపించగలమా అని. తొమ్మిది అన్న అంకె చూడగానే నాకు ఆ నీలం గౌను కళ్ల ముందు మెదిలింది. దుస్తులను 27 జతలకు తగ్గించుకోమని మీరు జవాబిచ్చారు. జవాబు సగమే సరైనది. జతలు తగ్గిస్తే ఒక్కొక్కరు ఐదింటికి బదులు మూడే వేసుకుంటారు, నిజమే. కానీ ఒకసారికీ ఇంకోసారికీ మధ్య దొరికేవి ఇంకా ఆ 82 సెకన్లే. తొమ్మిది మందే, ఇరవై సెకన్ల ఎడమే కదా, అది మారలేదు.

ఆ అమ్మాయికి నా జవాబు ఇది. 27 జతలను తొమ్మిది చొప్పున మూడు విడతలు చేయమ్మా. మూడు విడతల్లోనూ మోడళ్ల క్రమం ఒకటే ఉండనివ్వు. విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాలు మీ కాలేజీలో బాగా పాడే పిల్లనో, నాట్యం చేసే పిల్లనో వేదిక ఎక్కించు. 180కి 120 కలిస్తే నీకు కావలసిన 300 సెకన్లు వచ్చేస్తాయి. మొత్తం షో 13 నిమిషాలు. పెద్ద పెద్ద షోలలో మధ్యలో వచ్చే నాట్యం ప్రేక్షకుల కోసమని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది తెర వెనుక గుండీల కోసం.

మోడల్‌కు ఒకరు చొప్పున తొమ్మిది మంది స్నేహితులను డ్రెస్సర్లుగా పెట్టుకో. ఎవరి మోడల్ ఎవరో ముందే చెప్పు, ఒక్కొక్కరి చేత ఆ మూడు జతలను నాలుగైదుసార్లు తొడిగించి చూడు. ప్రతి హ్యాంగర్‌కూ ఆ జత ఫొటో, నగలు, చెప్పుల వివరం రాసిన చీటీ కట్టు. ఆలస్యమయ్యే జతను మొదటి విడతలో పడేయ్. వరుస కాగితం మాత్రం పెన్సిల్‌తో రాసుకో. చివరి గంటలో ఎలాగూ మారుతుంది.

ఇట్లు,
తెర వెనుక నుంచి ఒక పాఠకురాలు